తుపాకిమందు కరువు – తూటాలు నింపుకొనే వారి పాట్లు

ఎన్.సి.సి.లో చేరి ఒక్కసారైనా ఫైరింగ్ రేంజికి వెళ్ళిన మిత్రులకు ఒక సంగతి గుర్తుండే వుంటుంది. కాల్చడం అయిపోగానే గడ్డిలో తడుముకుంటూ ఖాళీ గుల్లలు ఏరి, లెక్కపెట్టి, హవల్దారు గారికి అప్పజెప్పాలి. ఒక్కటి తక్కువైతే టిఫిను మాట దేవుడెరుగు, అందరూ వెతకవలసిందే! మనకు ఆ గుల్ల లెక్క చెప్పవలసిన వస్తువు. అమెరికాలో లక్షలాది మందికి అది ఇంటికి తీసుకుపోయి, కడిగి, మళ్ళీ నింపుకొనే వస్తువు. లైసెన్సులూ లెక్కలూ గల మన దేశపు పద్ధతికి ఇది వింతగా తోచవచ్చు. కాని అక్కడ ఇది స్టాంపులు పోగుచేయడం వంటి కాలక్షేపం. వేటగాళ్ళూ, గురి పోటీలకు వెళ్ళేవాళ్ళూ ఖర్చు తగ్గుతుందనీ, గురి బాగా కుదురుతుందనీ సొంతంగా తూటాలు నింపుకుంటారు.

వీళ్ళకు కొన్నేళ్ళుగా పట్టుకున్న బెంగ ఏమిటయ్యా అంటే, మందు దొరకడం లేదు. ఎందుకు దొరకదు? దొరకనప్పుడు ఎట్లా నెట్టుకొస్తారు? ఇందులో మన కెమిస్ట్రీ వుంది, ఎకనామిక్సు వుంది, కాస్త జీవితమూ వుంది. అందుకే ఈ చిన్న వ్యాసం.

తూటాలో ఏముంటుంది?

నాలుగే వస్తువులు. ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. ట్రిగ్గరు నొక్కితే టోపీ మీద దెబ్బ పడుతుంది, నిప్పు పుడుతుంది, మందు మండి వాయువు అవుతుంది, ఆ వాయువు గుండును తోస్తుంది. గుల్ల మిగిలిపోతుంది. తక్కిన మూడూ కొత్తవి పెట్టుకుంటే తూటా మళ్ళీ తయారు. (మన ఎన్.సి.సి. పాయింట్ 22 గుల్లలో టోపీ విడిగా వుండదు. అంచేత దాన్ని తిరిగి నింపే పద్ధతి లేదు.)

మందు కూడా ఒకటి కాదు, రెండు రకాలు. మొదటిది పాతకాలపు నల్లమందు. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిసినది. మన దీపావళి చిచ్చుబుడ్డికి బంధువు. రెండవది పొగలేని మందు. ప్రత్తి వంటి సెల్యులోజును నత్రికామ్లంతో చర్య జరిపితే వచ్చే నైట్రోసెల్యులోజ్ దీనికి మూలం. దీన్ని 1846లో షోన్‌బైన్ ప్రకటించాడు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దాన్ని తుపాకికి పనికివచ్చే మందుగా మలిచాడు. ఈనాటి తూటాలన్నీ దాదాపు ఈ రెండవ రకానివే. నల్లమందు ఎక్కువగా గొట్టం మూతి నుంచి కూరే పాతకాలపు తుపాకుల వారిదే.

కొరత కొత్తదేమీ కాదు

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయింది. ఉత్తర రాష్ట్రాలకు నల్లమందు కావాలి. మందులో అధిక భాగం పెట్లుప్పు. ఆ రోజుల్లో ప్రపంచానికి పెట్లుప్పు ఎక్కడి నుంచి వచ్చేదనుకున్నారు? మన బీహారు మట్టి నుంచి! అది కలకత్తా రేవు మీదుగా లండనుకు చేరేది. డ్యూపాంట్ కుటుంబానికి చెందిన లామట్ డ్యూపాంట్ లండను వెళ్ళి దొరికినంతా కొన్నాడు. అంతలో ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడ మీద నుంచి ఇద్దరు దక్షిణ రాష్ట్రాల దూతలను అమెరికా నావికులు పట్టుకుపోయారు. బ్రిటిష్ ప్రభుత్వానికి కోపం వచ్చి పెట్లుప్పు ఎగుమతి ఆపేసింది. దూతలను విడిచిపెట్టాకనే, 1862లో, సరుకు కదిలింది. డబ్బుంది, సరుకుంది, ఓడలున్నాయి. అయినా మందు లేదు. ముడి సరుకు మీద పెత్తనం పరాయివాడిది కాబట్టి.

మరో సంగతి చూడండి. అమెరికాలో నల్లమందు తయారుచేసే పెద్ద కర్మాగారం ఒకే ఒక్కటి మిగిలింది. లూసియానా రాష్ట్రంలో మిండెన్ దగ్గర వున్న గోఎక్స్. 2021 సెప్టెంబరులో యజమానులైన హాడ్జ్‌డన్ కంపెనీ వారు దాన్ని మూసేస్తున్నామన్నారు. అంతే, పాత తుపాకుల వారి గుండెల్లో రాయి పడింది. 2022లో ఎస్టెస్ కంపెనీ కొనుక్కోబట్టి గండం గడిచింది. ఒక్క తలుపు మూసుకుంటే దేశమంతటికీ కరువు వచ్చే పరిస్థితి.

పొగలేని మందు సంగతీ ఇంతే. దానికి మూడు ముడులున్నాయి.

ఒకటి, ముడి సరుకు. జిన్నింగు మిల్లులో దూది తీసేశాక ప్రత్తి గింజకు పొట్టి నూగు అంటుకుని వుంటుంది. దాన్ని లింటర్లు అంటారు. గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల మిత్రులు చేత్తో ముట్టుకున్న వస్తువే. నైట్రోసెల్యులోజుకు ఇది మంచి ముడి సరుకు. కలపగుజ్జు కూడా వాడతారు. యూరపు కర్మాగారాలు లింటర్ల కోసం చాలావరకు చైనా మీద ఆధారపడ్డాయి. పైగా గోళ్ళ రంగుకూ, అచ్చు సిరాకూ, లక్కవార్నీషులకూ కావలసింది ఈ నైట్రోసెల్యులోజే.

రెండు, కర్మాగారాలు కొన్నే. దుకాణంలో సీసాల మీద పది పేర్లుంటాయి గాని, వెనక పొయ్యిలు తక్కువ. ఫ్లోరిడాలో సెయింట్ మార్క్స్, వర్జీనియాలో రాడ్‌ఫర్డ్, ఆస్ట్రేలియాలో ముల్వాలా, ఫిన్లాండులో విహ్తవూరి, ఇట్లా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇవి సైన్యాలకు కూడా పనిచేసేవే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. 155 మిల్లీమీటర్ల ఫిరంగి పూర్తి దూరం కొట్టాలంటే ఒక్క గుండుకు పది కిలోలకు పైగా మందు పడుతుంది. పది కిలోలంటే సుమారు 1,54,000 గ్రెయిన్లు. రైఫిలు తూటాకు 45 గ్రెయిన్ల చొప్పున లెక్క వేస్తే 3,400 తూటాల సరుకు. మందు రకం వేరే కావచ్చు, మూలపదార్థం ఒక్కటే. సైన్యం ముందు కూర్చుంటే కాలక్షేపం వాడు విస్తరి ముందు వేచివుండక తప్పదు.

మూడు, మనిషి భయం. 2013లోనూ, 2020లోనూ రాబోయే చట్టాల మీద, రోజుల మీద భయంతో జనం అవసరానికి మించి కొన్నారు. ఒక సీసా చాలినవాడు ఎనిమిది కొంటే ఏడుగురికి లేనట్టేగా! మన పెద్దలు కిరోసిను క్యూలలో, పంచదార కార్డుల ముందు చూసింది ఇదే. సరుకు లేదన్న పుకారే సరుకు లేకుండా చేస్తుంది.

ఎట్లా నెట్టుకొస్తారు?

వివేకం గలవారు చేసే పనులివి.

1. లెక్క. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. 45 గ్రెయిన్లు తినే రైఫిలుకు అది 155 తూటాలిస్తుంది. 5 గ్రెయిన్లు తినే పిస్తోలుకు 1,400 ఇస్తుంది. ఏడాదికి ఎన్ని కాలుస్తామో వ్రాసుకుంటే ఎంత కావాలో తెలుస్తుంది. భయంతో కొనే పని తప్పుతుంది.

2. ఒకే మందు నాలుగు రకాల తూటాలకు పనికివచ్చేటట్టు ఎంచుకోవడం. అలమర నిండా సగం సగం సీసాలుండే కన్న ఇది మేలు.

3. నలుగురు కలిసి తెప్పించుకోవడం. ప్రమాదకర వస్తువుల రవాణాకు విడిగా రుసుం వుంది. పదిమంది పంచుకుంటే తేలిక. క్లబ్బులు ఈ పని చేస్తాయి.

4. కాల్చకుండా సాధన. ఖాళీ తుపాకితో నిలబడడం, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గరు నొక్కడం రోజూ చేస్తారు. గాలి తుపాకి వాడతారు. మన ఎన్.సి.సి. ఉస్తాదులు చెప్పేదీ ఇదే.

5. అధికంగా నిలవ చేయకపోవడం. అగ్నిప్రమాద నివారణకై అక్కడ వ్రాసుకున్న నియమావళి ప్రకారం ఇంట్లో 20 పౌన్లు దాటితే అంగుళం మందం గల కొయ్యపెట్టెలో వుంచాలి.

చేయరానివి

అసలు పాఠం ఇక్కడే వుంది. కరువు వచ్చినప్పుడు మనిషికి ఉజ్జాయింపు మీద మోజు పుడుతుంది. "రెండూ ఒకేలా వున్నాయి కదా, ఇది లేకపోతే అది పోద్దాం" అంటాడు. రంగూ, గింజా ఒకేలా వున్నా మండే వేగం వేరు. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 అని రెండు మందులున్నాయి. అంకె ఒక్కటే. అయినా ఒకదాని పట్టిక రెండవదానికి చెల్లదు. అంకె చూసి మోసపోతే తుపాకి పగలవచ్చు, కళ్ళు పోవచ్చు. అట్లాగే, మిగిలిన రెండు సీసాలు కలిపేసి ఒకటి చేయడం ఏ కాలంలోనూ కూడదు. నల్లమందు తుపాకిలో పొగలేని మందు పోయడమంటే చావును పిలిచి పీట వేయడమే.

పోనీ, తక్కువ పోసి పొదుపు చేద్దామా? అదీ అన్నివేళలా కుదరదు. హెచ్ 4895ను గరిష్ఠ మోతాదులో 60 శాతం దాకా తగ్గించవచ్చని తయారీదారులే ప్రకటించారు. కొన్ని మందులను మాత్రం బొత్తిగా తగ్గించవద్దని వాళ్ళే హెచ్చరించారు. చాలీచాలని మందుతో గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. వెనక మరొకటి పేలిస్తే ఇక చెప్పాలా!

ఎవరింట్లోనో దొరికిన పాత డబ్బా మరో ఉచ్చు. నైట్రోసెల్యులోజ్ కాలక్రమాన తనంత తానే విడిపోతుంది. అందుకే డైఫినైలమైన్ వంటి స్థిరకారిని కలుపుతారు. అది ఖర్చయిపోతే నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మన లాబులో చూసిన ఆ ఎర్రటి పొగే. మూత తీయగానే ముక్కుపుటాలు మండినా, తుప్పు రంగు పొడి కనబడినా ఆ మందు ఎంత ఖరీదైనదైనా పనికిరాదు. కరువులో దొరికిందని దాచుకుంటే ఇల్లు అంటుకుంటుంది.

మనకేమిటి?

మిత్రులారా, ఈ వ్యాసం చదివి ఎవరూ ప్రయోగాలకు దిగకూడదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మనం తీసుకోవలసింది వేరే.

ఒకనాడు బీహారు మట్టి, ఈనాడు ప్రత్తి గింజ మీది నూగు. రెండూ చేలో పనిచేసే మనిషి చేతిలో మొదలయ్యేవే. ఆ దారి ఎక్కడ సన్నబడుతుందో తెలిసినవాడికి కరువు హఠాత్తుగా రాదు. వచ్చినప్పుడు కూడా తెలివిగలవాడు తన అవసరం కొలుచుకుంటాడు, పక్కవాడితో పంచుకుంటాడు, పట్టికలో లేనిది చేయడు. సరుకు దొరకని వారం ఆట మానుకొని పుస్తకం చదువుకుంటాడు. ఆట వచ్చే వారం ఆడుకోవచ్చు. పోయిన కన్ను తిరిగి రాదు.

పరీక్ష హాలులో లెక్క తెలియకపోతే ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వ్రాసి వస్తాం. మహా అయితే మార్కులు పోతాయి. కొలిచి పోయవలసిన చోట మాత్రం ఆ అలవాటు మనకు వద్దు.