ఒంటరి దీవికి ఏ పుస్తకములు?

చదువవలసిన భాగములు: 2 తిమోతి 4:6–21, అపొస్తలుల కార్యములు 27:14–44



చదువుకొన్నవారు తీరికవేళ ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న ఒకటి కలదు. మనుష్యసంచారము లేని దీవిలో నీవు ఒంటరిగా నుండవలసి వచ్చినయెడల ఏ పుస్తకములు వెంట తీసికొని పోదువు అనునదే ఆ ప్రశ్న. ఇంగ్లాండు దేశపు బి.బి.సి. రేడియోలో 1942లో ప్రారంభమైన ఒక కార్యక్రమము ఈ ఊహమీదనే నడచుచున్నది. అతిథి ఎనిమిది పాటలను ఎన్నుకొనును. బైబిలును, షేక్‌స్పియరు నాటకములను అతనికి ముందే ఇచ్చినట్లు లెక్కించి, ఇంకొక పుస్తకము ఏది కావలెనని అడుగుదురు.

వినువారికి ఇది వినోదముగా నుండవచ్చును. మనకు ఇది వినోదమాత్రము కాదు. దీవులు సముద్రములోనే యుండవు. పక్షవాతము వచ్చి పడిపోయినవానికి ఆ నులకమంచమే దీవి. భర్త చనిపోయి, పిల్లలు దూరప్రాంతములకు పోగా, సందెవేళ ఒంటరిగా దీపము పెట్టుకొను తల్లికి ఆ యిల్లే దీవి. కువైటు దేశమునకు పనికి పోయి, తెలుగు మాట వినబడని యెడారిలో గొఱ్ఱెలను కాయు యౌవనస్థునికి ఆ యెడారియే దీవి. అట్టి దినము మనలో అనేకులకు వచ్చును. అప్పుడు మనయొద్ద ఏమి యుండును? ఈ నెల పాఠములో దీనినే విచారింతము.

1. చెరలో పౌలు అడిగినవి

తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చెరలో నుండి వ్రాయబడినది. దేమా పౌలును విడిచిపోయెను. తీతును, క్రేస్కేయును వేరువేరు ప్రాంతములకు వెళ్లిరి. లూకా ఒక్కడే మిగిలెను. మొదటి విచారణలో ఒక్కరును పౌలు పక్షమున నిలువలేదు. తన మరణకాలము సమీపించినదని అతనికి తెలియును. చలికాలము వచ్చుచున్నది. అట్టి సమయమున అతడు మూడు సంగతులు కోరెను. తిమోతి త్వరగా రావలెను. త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీ తేవలెను. పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తేవలెను.

చూడుడి, ఒకటి హృదయమునకు తోడు, ఒకటి దేహమునకు వెచ్చదనము, ఒకటి మనస్సునకు ఆహారము. పుస్తకములు అడిగినందున అంగీ అడుగుటకు పౌలు సిగ్గుపడలేదు. అంగీ కావలసినందున పుస్తకములను మరువనులేదు. ఆ పుస్తకములు ఏవో అతడు చెప్పలేదు గాని, లేఖనములలో అంత ఆరితేరినవాడు, ఇన్ని పత్రికలు వ్రాసినవాడు, చావు ఎదుట నిలిచియు ఇంకను చదువగోరెను. మనలో కొందరు నలువది యేండ్లకే, "మాకిక చదువెందుకు?" అందురు. పౌలు అట్లు అనలేదు.

అంతకు ముందు ఇదే పౌలు ఓడ బద్దలై మెలితే దీవి చేరెను. ఓడలో 276 మంది యుండిరి. మొదట సరకులను, పిమ్మట ఓడసామగ్రిని, కడకు గోధుమలను సముద్రములో పారవేసిరి. కొందరు ఈదియు, కొందరు పలకలమీదను దరి చేరిరి. పౌలు చేతిలో పుస్తకము మిగిలెనో లేదో లూకా వ్రాయలేదు. అయినను తుపాను నడుమ అతడు అందరికి ధైర్యము చెప్పి, రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞతలు చెల్లించెను. ఆ ధైర్యము పెట్టెలో నుండి తీసినది కాదు, నీట మునుగునది కాదు.

2. సెల్కిర్కు వెంట నున్నవి

నిజముగా ఒంటరి దీవిలో బ్రదికినవారు కలరు. అలెగ్జాండర్ సెల్కిర్కు అనువాడు స్కాట్లాండు దేశపు నావికుడు. 1704లో తన ఓడ చిల్లులు పడి ప్రమాదకరముగా నున్నదని అధిపతితో తగవుపడి, నన్ను ఈ దీవిలోనే దింపుమనెను. ఆ దీవి చిలీ దేశపు తీరమునకు సుమారు 670 కిలోమీటర్ల దూరముననున్న హువాన్ ఫెర్నాండెజ్ దీవులలో ఒకటి. దిగిన పిమ్మట అతని మనస్సు మారెను గాని అధిపతి మరల ఎక్కించుకొనలేదు.

అతని వెంట నున్నవి ఇవి: బట్టలు, పరుపు, ఒక తుపాకి, కొంత మందు, గుండ్లు, పొగాకు, గొడ్డలి, కత్తి, వంటపాత్ర. వీటితోకూడ ఒక బైబిలు, కొన్ని భక్తి పుస్తకములు, ఓడ నడుపువారికి కావలసిన గణిత సాధనములు, ఆ విద్యకు చెందిన పుస్తకములు. మొదటి ఎనిమిది నెలలు దుఃఖమును తాళుట అతనికి కష్టమాయెను. పిమ్మట చెట్ల కొమ్మలతో రెండు పాకలు వేసికొని, గడ్డితో కప్పి, మేకతోళ్లు లోపల పరచుకొనెను. చిన్నదానిలో వంట చేసికొనెను. పెద్దదానిలో నిద్రించుచు, చదువుచు, కీర్తనలు పాడుచు, ప్రార్థించుచు నుండెను. ఎలుకలు రాత్రివేళ పాదములు కొరుకుచుండగా పిల్లులను మచ్చిక చేసికొనెను.

1709 ఫిబ్రవరిలో వుడ్స్ రోజర్సు అను అధిపతి వచ్చి అతనిని ఓడ ఎక్కించుకొనెను. నాలుగు సంవత్సరముల నాలుగు నెలలు గడచినందున అతని మాటలు సగము సగముగా వచ్చుచుండెనట. అయినను, ఆ యేకాంతములో తాను అంతకు ముందెన్నడును లేనంత మంచి క్రైస్తవుడనైతినని అతడు చెప్పినట్లు రోజర్సు 1712లో ప్రచురించిన గ్రంథములో వ్రాసెను.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. కీర్తనలను అతడు బిగ్గరగా పాడెను. బదులు చెప్పువాడు లేనిచోట పాట మనుష్యుని నోటిని మూతపడనియ్యదు. మంచము పట్టినవారియొద్ద మనము చేయవలసిన పని కూడ ఇదియే. వారికి వినిపించుట మాత్రమే కాదు, వారిచేత పాడించవలెను.

3. పుస్తకమున్న దీవిలో నెత్తురు

రెండవ వృత్తాంతము ఇంకను గంభీరమైనది. 1789 ఏప్రిలులో బౌంటీ అను ఇంగ్లీషు ఓడలో కొందరు తమ అధిపతిమీద తిరుగబడిరి. వారిలో తొమ్మండుగురు, తహితి మొదలగు దీవుల పురుషులు ఆరుగురితోను, కొందరు స్త్రీలతోను 1790 జనవరిలో పిట్‌కేర్న్ అను నిర్జనమైన దీవికి వచ్చి, ఎవరును తమ్మును కనుగొనకుండునట్లు ఓడను తగులబెట్టిరి. ఆ స్త్రీలలో అనేకులు ఇష్టపడి వచ్చినవారు కారు. దీవివాసులైన పురుషులను తెల్లవారు దాసులవలె చూచిరి. భూమి పంపకములో వారికి పాలు లేదు. స్త్రీల విషయమై పగలు పెరిగెను. 1793లో హత్యలు జరిగెను. పిమ్మట వారిలో ఒకడు మొక్కల వేళ్లనుండి సారాయి దించుట కనుగొనెను. త్రాగుడు మిగిలినవారిలో ఇద్దరిని నాశనము చేసెను. ఈ తొమ్మండుగురు, ఆ ఆరుగురు కలిసి పదునైదుగురు పురుషులు దిగిరి గదా. 1800 సంవత్సరము గడచునప్పటికి జాన్ ఆడమ్స్ అనువాడు ఒక్కడే బ్రదికి యుండెను.

ఇప్పుడు ఆలోచించుడి. ఓడ తగులబెట్టకముందు దింపిన వస్తువులలో ఒక బైబిలును, ప్రార్థన పుస్తకమును ఉండెను. హత్యలు జరిగిన దినములలో ఆ బైబిలు ఆ దీవిలోనే యుండెను. సారాయి కాగుచున్నప్పుడును అచ్చటనే యుండెను. పుస్తకము ఇంటిలో నున్నంత మాత్రమున ఎవని చేతినైనను ఆపలేదు.

ఆడమ్స్ అంతంతమాత్రము చదువు వచ్చినవాడు. 1800లో రోగముచేత చనిపోయిన యంగ్ అను సహచరునియొద్ద అతడు చదువు మెరుగుపరచుకొనెనని చెప్పుదురు. అంతటి రక్తపాతము తరువాత, తండ్రులు లేని పిల్లలను, వారి తల్లులను చూచి, ఆ పుస్తకము తెరచి వారికి చదువు చెప్పుటకు, ప్రార్థన నేర్పుటకు పూనుకొనెను. 1808లో ఒక అమెరికా ఓడ అచ్చటికి వచ్చినప్పుడు దీవిలో నెమ్మదిగా, భక్తితో బ్రదుకుచున్న చిన్న సమాజము కనబడెను. ఏ పుస్తకము తెచ్చితిరి అని మాత్రమే అడిగినయెడల మొదటి పదియేండ్లకును తరువాతి యేండ్లకును భేదము లేదు. చదివి చెప్పువాడు లేచినప్పుడే భేదము వచ్చెను.

మన గ్రామములలో పెండ్లినాడు బహుమానముగా వచ్చిన బైబిలు, పట్టుచీరతోకూడ ట్రంకుపెట్టెలో భద్రముగా నుండుట మేము ఎన్నో యిండ్లలో చూచుచున్నాము. పరిశుద్ధ గ్రంథమని గౌరవించి దాచితిమందురు. అన్నము వండి దాచిపెట్టి, ఆకలితో పండుకొనువానిని గౌరవస్థుడందుమా?

4. బరువు తగ్గించవలసి వచ్చినప్పుడు

1915లో షాకల్టన్ అను అధిపతియొక్క ఓడ దక్షిణధ్రువ సముద్రపు మంచులో చిక్కి నలిగిపోయెను. మంచుమీద నడచిపోవలెను గనుక ఒక్కొక్కడు సొంత వస్తువులు రెండు పౌనుల బరువు మించి తీసికొనకూడదని అతడు ఆజ్ఞాపించెను. తాను మాదిరి చూపుటకై తన బంగారు నాణెములను, రాణి అలెగ్జాండ్రా ఇచ్చిన పెద్ద బైబిలును మంచుమీద పెట్టెను. అయితే రాణి చేవ్రాత గల పుటను, ఇరువదిమూడవ కీర్తన గల పుటను, యోబు గ్రంథములోని ఒక పుటను చించి దగ్గర నుంచుకొనెను. మక్లౌడ్ అను నావికుడు, బైబిలును అట్లు విడుచుట క్షేమము కాదని తలంచి, దానిని రహస్యముగా తీసి తెచ్చెను.

మనకు చించుకొను అవసరము లేదు గాని, ఈ ప్రశ్న మంచిది: ఒక్క పుట మాత్రమే మిగులునయెడల నీవు ఏ పుట కోరుదువు? జవాబు చెప్పుటకు పుటలు తెలిసియుండవలెను. ఎన్నడును చదువనివానికి అన్ని పుటలు ఒక్కటే.

5. మన ఎన్నిక

కాబట్టి ప్రతి కుటుంబము నాలుగు పుస్తకములు సిద్ధపరచుకొనవలెనని మా సలహా.

మొదటిది, మాతృభాషలో నున్న బైబిలు. అక్షరములు పెద్దవిగా నున్న ప్రతి యైతే మంచిది. కన్నులు మసకబారు దినము రాకముందే అట్టిది కొనుడి.

రెండవది, కీర్తనల పుస్తకము. చదువురాని వృద్ధులకు ఇదియే నోటిలోని గ్రంథము.

మూడవది, పనికివచ్చు పుస్తకము. సెల్కిర్కు గణిత పుస్తకములను విడువలేదు. పౌలు అంగీని మరువలేదు. పసిపిల్లల ఆరోగ్యము, వ్యవసాయము, పశువుల రోగములు, ఇట్టివాటిని బోధించు పుస్తకము భక్తికి విరోధము కాదు.

నాలుగవది, తెల్లకాగితముల పుస్తకమును పెన్సిలును. పద్మాసు దీవిలో యోహానునకు కలిగిన ఆజ్ఞ, చూచినది వ్రాయుమని గదా. విన్న వర్తమానము, పొందిన మేలు, మోయుచున్న భారము వ్రాసికొనుడి.

మా బైబిలు సెల్‌ఫోనులో నున్నదని యౌవనస్థులు చెప్పుదురు. మంచిదే. అయితే దానిలో చదువుటకు కూర్చున్నప్పుడు ఇంకెన్ని సంగతులు పిలుచుచున్నవో మీకు తెలియును. కరెంటు లేనిచోట అది చీకటి పలక.

చదువురానివారి మాట యేమి? ఐతియొపీయుడు రథములో చదువుచుండెను గాని, విప్పిచెప్పుటకు ఫిలిప్పు కావలసి వచ్చెను. చదువు వచ్చిన ప్రతి బిడ్డయు పొరుగింటి అవ్వకు ఫిలిప్పు కావలెను. వారమునకు రెండుసార్లు, పావుగంట, ఒక అధ్యాయము చాలును. ఆమె నెమ్మదిగా విని, ఒక్క కీర్తన కంఠతా పట్టినయెడల, కన్నులు పోయినను, కాళ్లు పోయినను, దానిని ఎవరును ఆమెయొద్దనుండి తీసికొనలేరు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పౌలు కోరిన మూడింటిలో మన సంఘములోని రోగులకు దేనిని మనము తరచుగా మరచుచున్నాము?
2. మీ యింటి బైబిలు ఎచ్చట నున్నది? కడపట ఎప్పుడు తెరచితిరి?
3. బైబిలున్న దీవిలో హత్యలు, త్రాగుడు ఎట్లు పెరిగెను? మన గ్రామములో అట్టిది కలదా?
4. మీ వీధిలో చదువురానివారు ఎవరు? ఈ వారము వారియొద్దకు ఎవరు వెళ్లుదురు?

ఈ నెల కంఠతా పట్టవలసినది: ఇరువదిమూడవ కీర్తన. పిల్లలు మొదట నేర్చుకొని, నెలాఖరు కూటములో పెద్దలచేత చెప్పించవలెను.