దుకాణముల పోటీ – ఇంటికి చేరు తిండి

ఊరిలోనికి పెద్ద దుకాణమొకటి వచ్చుచున్నదనిన పంచాయతీ సభ్యులలో కొందరు సంతోషింతురు, కొందరు సందేహింతురు. ధరలు తగ్గునని మొదటివారి ఆశ; ఊరి కిరాణా దుకాణము మూతబడునని రెండవవారి భయము. ఈ వాదమున ఎవరి పక్షమున ఎంత నిజమున్నదో చూచుటకు సభ్యులను హైదరాబాదులోని బోరబండకు ఒకమారు తోడ్కొని పోదలచితిమి. పట్టణపు ముచ్చట మనకేల యని అనుకొనవలదు. అచ్చటి సందులలో కాపురమున్నవారిలో పెక్కురు గ్రామములనుండి పని వెదకికొనుచు వచ్చినవారే.

1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ చుట్టుప్రక్కల హైటెక్ సిటీ పెరిగినది. రైలులో బోరబండ దాటగానే వచ్చు స్టేషను హైటెక్ సిటీయే. ఒక స్టేషను దూరములో శీతల యంత్రములతో వెలుగు పెద్ద దుకాణములు కలవు. ఫోనులో కోరిన సరుకు నిమిషములలో ఇంటికి తెచ్చి ఇచ్చు సంస్థలును కలవు. బోరబండ సందులలో మాత్రము ఇంటి ముందు గదియే కిరాణా దుకాణము.

ఒక సాయంకాలము మేమట్టి దుకాణము ముందు కొంతసేపు నిలిచితిమి. ఇండ్లలో పనిచేసి వచ్చిన ఒకామె పావుకిలో కందిపప్పు, చిన్న నూనె పాకెట్ తీసికొని, "అన్నా, పైసలు శనివారం ఇస్త, రాస్కో" అనెను. దుకాణదారు ఖాతాలో వ్రాసికొనెను. ఆమె వెళ్లిన పిమ్మట ధర సంగతి అడిగితిమి. "పెద్ద దుకాణపోళ్లు నాకంటె తక్కువకే ఇస్తరు సార్, అబద్ధమెందుకు? గని ఉద్దెర ఇయ్యరు" అని అతడు చెప్పెను.

లెక్క చూడుడు. పెద్ద దుకాణములో కిలో పప్పు 8 రూపాయలు తక్కువ అనుకొందము. పావుకిలో కొనువారికి మిగులునది 2 రూపాయలు. ఆటో కిరాయి దానికి ఎన్నో రెట్లు. పైగా చేత రొక్కముండవలెను. కనుక ధర తగ్గిన మాత్రమున తిండి అందరికిని అందుబాటులోనికి వచ్చినదనరాదు. దూరము, చిన్న మోతాదు, ఉద్దెర – ఈ మూడును ధరలో భాగములే.

అట్లని కిరాణా దుకాణదారును వేరొక పోటీ లేకుండ కాపాడుమని మా అభిప్రాయము కాదు. ఉద్దెర తెచ్చుకొన్నవారు ధర గూర్చి గట్టిగా అడుగజాలరు. ఇది దుకాణదారులకును తెలియును.

సైబర్ టవర్స్ ప్రారంభమైన రెండు నెలలకు, 1999 జనవరి 26న, నాటి ఉమ్మడి రాష్ట్రములో రైతు బజారులు మొదలైనవి. బోరబండకు సమీపమున ఎర్రగడ్డలో ఒకటి కలదు. అధికారులు విచారించి గుర్తింపు కార్డు ఇచ్చిన రైతులు తమ కూరగాయలను అచ్చట స్వయముగా అమ్ముదురు. నాటి ధరలను పలకపై వ్రాసి అందరికిని కనబడునట్లు పెట్టుదురు. అవి టోకు ధరకంటె హెచ్చుగాను, బయటి చిల్లర ధరకంటె తక్కువగాను ఉండునట్లు నిర్ణయింతురు. ఆ పలక చూచి వచ్చిన ఇల్లాలు సందులోని బండివానిని ధైర్యముగా బేరమాడగలదు. పోటీవలన కలుగవలసిన మేలు ఇదియే. పెద్ద భవనము లేకయే ఇది సాధ్యమైనది.

పెద్ద దుకాణములు శాశ్వతములనియు తలపరాదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష సంస్థ దేశమంతటను సుమారు 1600 దుకాణములు తెరచి, 2009లో మూతబడినది. ఈలోగా ఊరి కిరాణా మూతబడియున్న, ఆ తరువాత ఉప్పు పొట్లమునకును ప్రక్క ఊరికి పోవలసినదే.

చౌకధరల దుకాణము సంగతి క్లుప్తముగా. 2025 ఏప్రిల్ మొదలు తెలంగాణలో కార్డుదారులకు తలకు నెలకు 6 కిలోల సన్న బియ్యము ఇచ్చుచున్నారు. రాష్ట్రములో ఏ చౌకధరల దుకాణమునందైనను తీసికొనవచ్చును. మీ ఊరినుండి బోరబండకు పోయిన కుటుంబమునకు ఈ మాట తెలియనిచో, బియ్యము కొరకు బస్సు కిరాయి పెట్టుకొని ఊరికి వచ్చుచుండును. వారి బంధువులకు చెప్పి పంపుడు.

ఇక పంచాయతీ చేతిలోని పని సంత. దీని గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. సంత వేలములో హెచ్చు పాట వచ్చినదని సభ్యులు సంతోషింతురు. పంచాయతీకి ఆదాయము కావలసినదే. కాని పాడినవాడు ఆ సొమ్మును గంపకింతయని కూరగాయలవారి వద్దనే రాబట్టుకొనును. గంపవారు దానిని వంకాయ ధరలో కలుపుదురు. తుదకు చెల్లించునది పావుకిలో కొనునామెయే. కావున రాబోవు వేలమునకు ముందు సమావేశములో మూడు సంగతులు అడుగుడు: గంపకు, బండికి వసూలు చేయదగిన రుసుము ఎంతయని షరతులలో వ్రాసినారా? ఆ రేట్లు సంత ద్వారమున పెద్ద అక్షరములతో కట్టినారా? తూకపు రాళ్లపైనను, కాటాలపైనను తూనికల కొలతల శాఖవారి ముద్ర ఉన్నదా? మూడవదానిని సంతనాడు ఉదయమే స్వయముగా పోయి చూడుడు. మధ్యాహ్నమునకు సంత పలుచబడును.