పటములో లేని పల్లెలు

భూగర్భమందలి ఖనిజములను వెదకువారికి ప్రత్యేకమైన పటములుండును. ఏ కొండలో ఏ రాయి కలదో, అది ఎంత మేర వ్యాపించెనో తెలుపుటయే వాని పని. ఆ కొండపై ఎవరు నివసించుచున్నారో తెలియవలెనన్న మరియొక పటము కావలెను. ఆ రెండవ పటమును గీయవలెనని చాలకాలము ఎక్కువమందికి తోచలేదు.

మనదేశమందలి బాక్సైటులో సగమునకు మించినది ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలోనే కలదు. అందు చాలభాగము తూర్పుకనుమల నెత్తములపైననే యున్నది. దాని అడుగున నుండు రాతిని 1902లో వాకరు అను భూవిజ్ఞానవేత్త కలహండి ప్రాంతమున పరిశీలించి, అచ్చటి కోందు జాతివారి పేరున ఖోండలైటు అని నామకరణము చేసెను. రాతికి జాతి పేరు దక్కినది గాని, ఆ జాతివారి గుడిసెలకు ఖనిజపటమున చోటు దక్కలేదు. చిత్రమైన గౌరవము!

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి అను కొండలవరుస కలదు. దానిపై నివసించువారు డోంగ్రియా కోందులు. డొంగరు అనగా కొండ. వారి సంఖ్య సుమారు ఎనిమిది వేలు. వారు మాటలాడు కువి భాష ద్రావిడభాషలలో తెలుగు చేరిన శాఖకే చెందినది. కావున భాషనుబట్టి చూచినచో వారు తెలుగువారికి దాయాదులు. కొండవాలున అనాస, అరటి, నారింజ, అల్లము, పసుపు పండించి సంతలకు మోసికొనిపోయి అమ్ముదురు. నియమరాజు అను దైవము కొండపై కొలువుండునని వారి విశ్వాసము. అందుచేత శిఖరముపై చెట్టు నరకరు.

ఈ విశ్వాసమును మూఢనమ్మకమని త్రోసివేయుటకు వీలులేదు. బాక్సైటు గల కొండనెత్తము వానకాలపు నీటిని దూదివలె పీల్చుకొని, వేసవిలో ఊటలుగా విడుచును. ఆ ఊటలు వాగులై వంశధారకు చేరును. శ్రీకాకుళము జిల్లాలో ఆ యేటినీటితో వరి పండించు రైతు నియమరాజు పేరు వినియుండకపోవచ్చును; ఆయన కొండనీరు మాత్రము వాడుకొనుచునే యున్నాడు.

ఆ నెత్తముపై 7 కోట్ల 80 లక్షల టన్నుల బాక్సైటు కలదని అంచనా వేసిరి. 2003లో వేదాంత సంస్థకును ఒడిశా ప్రభుత్వమునకును ఒడంబడిక కుదిరెను. కొండ అడుగున లాంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారము లేచెను. గనికి అనుమతి రాకమునుపే కర్మాగారము కట్టుట గమనింపదగినది. ఇంత ధనము వెచ్చించిన పిమ్మట కొండ దక్కకపోవునా యని తలచిరి కాబోలు. కర్మాగారముకొరకు 2004లో కినారి అను పల్లెను ఖాళీ చేయించి, అచ్చటివారిని సంస్థ కట్టించిన కాలనీకి తరలించిరి. నిర్వాసితుడనగా ఇల్లు పోయినవాడని మాత్రమే సామాన్యముగ తలంతురు. కట్టెలు తెచ్చుకొను అడవి, పశువులు మేయు బీడు, అరువడుగదగిన ఇరుగుపొరుగు, ఇవి పోయినవానికి కొత్త ఇంటి తాళపుచెవి యిచ్చినంతమాత్రమున లెక్క సరిపోదు.

ఈ సంగతిని పైకొండవారు కన్నులార చూచిరి. వారి ఆందోళన ఏండ్లతరబడి సాగెను. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణశాఖ గని తవ్వకమునకు అటవీ అనుమతిని నిరాకరింపగా, తగవు సర్వోన్నత న్యాయస్థానమున నడచెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి ఆ విషయమును గ్రామసభలే పరిశీలింపవలెనని 2013 ఏప్రిల్ 18న తీర్పు వెలువడెను. రాష్ట్రప్రభుత్వము రాయగడలో 7, కలహండిలో 5 పల్లెలను ఎంచుకొనెను. జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ, ఆగస్టు 19న జరపాలో కడపటి సభ జరిగెను. ప్రతి సభకును ఒక జిల్లా న్యాయమూర్తి పరిశీలకుడుగా కొండ యెక్కి వచ్చెను.

అధికారులు అంతకుముందే పల్లెవారి హక్కుల క్రింద సేద్యమునకు ఇంత, పూజకు ఇంత అని చిన్నచిన్న తుండ్లను గుర్తించియుండిరి. పల్లెవారు ఆ హద్దుల నొప్పుకొనలేదు. నియమరాజు ఒక మూల గుడిలో నుండు దేవుడు కాడనియు, కొండయంతయు ఆయన నివాసమే యనియు వాదించిరి. వ్రాత నేర్వని వృద్ధులు కూడ ఏ వాగు ఎచ్చట పుట్టునో, ఏ బాట ఏ పల్లెకు పోవునో ఎరిగినవారే. రెండవ పటము ఆ సభలలో నోటిమాటగా గీయబడినదనవచ్చును. పండ్రెండు సభలును గని వలదనెను. 2014 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ గనికి అనుమతిని తుదిగా తిరస్కరించెను. కర్మాగారము మాత్రము ఇతర ప్రాంతముల నుండి తెచ్చిన బాక్సైటుతో నేటికిని నడచుచున్నది. అంతటితో తగవు తీరలేదు. అవే రెండు జిల్లాలలోని సిజిమాలి కొండ గనికై 2023లో జరిగిన వేలమున అదే సంస్థ గెలుపొందగా, అచ్చటి పల్లెలలోను అలజడి రేగెను.

నియమగిరివంటి తీర్పు అందరికిని లభించునది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున గిరిజనులు నూటికి 8.6 మంది. నిర్మాణములవలన ఊరు విడిచినవారిలో మాత్రము వారు నూటికి 40 మంది యుందురని 2014లో ఖాఖా సంఘము తన నివేదికలో తెలిపెను. ఇది అంచనాయే, ఊరు విడిచినవారి పేర్లను వరుసగా వ్రాసియుంచిన పుస్తకము దేశమున లేదు. బార్సిలోనా నగరపు విశ్వవిద్యాలయమొకటి 2014లో ప్రపంచమందలి ఇట్టి తగవులను గుర్తించు పటమొకటి వెలువరింప నారంభించెను. నియమగిరి అందు చేరినది.

గనివలన గాక పోరువలన చెదరినవారిని పటమున గుర్తించుట మరియు కష్టము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బైలాడిలా ఇనుపగనులు 1968 నుండి నడచుచున్న దంతెవాడ ప్రాంతమున, 2005లో సల్వాజుడుం అను దళములకును మావోయిస్టులకును పోరు ముదిరెను. ఆ పోరునకు ఇనుమొక్కటియే కారణమనుట సరికాదు. దానికి సంబంధమే లేదనుటయు సరికాదు. ఆ దళములను ఆయుధములతో నిలుపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. అప్పటికే వేలాది కుటుంబములు అడవిదారిన నడచి, నాటి ఖమ్మము, వరంగల్లు, తూర్పుగోదావరి జిల్లాల అడవులకు చేరియుండెను. వీరిని ఇచ్చట గుత్తికోయలందురు. వీరు మిరపకోతలకు కూలికి పోవుదురు, పోడు కొట్టుకొందురు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రమున కొక్కటిగా నుండును. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైనవాడు గోదావరి దాటినంతనే ఆ గుర్తింపును కోల్పోవుచున్నాడు. అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమి నాక్రమించి సేద్యము చేయుచున్నవారికే పట్టా నిచ్చును. వీరిలో చాలమంది ఆ తేదీ గడచిన పిదప వచ్చినవారు.