ఒక్కపూట చెంచా

ఒక వస్తువు మనకు మేలుచేయునో కీడుచేయునో తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు వేసికొనవలయును. అది ఎంతసేపు ఉపయోగపడుచున్నది? ఉపయోగము తీరిన పిమ్మట ఏమగుచున్నది? విందులలో మన చేతికిచ్చు ప్లాస్టిక్కు చెంచాను ఈ ప్రశ్నలతో పరీక్షింపుడు. దాని ఉపయోగము పది నిమిషములు. ఆ తరువాత అది మట్టిలో పడి, మన మనుమల కాలమునకును నశింపక నిలిచియుండును.

వరంగల్లు సీమలో పూర్వము విందనగా మోదుగాకు విస్తరియే. వేసవిలో ఆకులు కోసి, ఆరబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి, కట్టలుగా కట్టి దాచుకొనెడివారు. అడవి గ్రామములలో అడ్డాకు విస్తళ్లును కుట్టెడివారు. పులుసునకు, పాయసమునకు దొప్పలుండెను. తిని పారవేసిన విస్తళ్లు పెంటకుప్పలో చివికి ఎరువయ్యెడివి. ఆకు కుట్టిన పేదలకు నాలుగు డబ్బులు దొరికెడివి.

ప్లాస్టిక్కు చౌకగా వచ్చి ఈ పనిని వెనుకకు నెట్టినది. భూగర్భమునుండి తీసిన చమురు, వాయువులే దీనికి ప్రధానమైన ముడిసరకు. మట్టిలోని సూక్ష్మజీవులు ఆకును తినగలవు గాని దీనిని తినజాలవు. ఎండకు ఇది పెళుసై, కంటికి కానరాని తునకలుగా విడిపోవునే గాని మాయము కాదు. కాల్చినచో విషవాయువులు పుట్టును. ఎంగిలి అంటిన సంచులను, కప్పులను ఆవులు మ్రింగినచో అవి జీర్ణముకాక కడుపులో పేరుకొని ప్రాణములు తీయును.

మన ఓరుగల్లు చెరువులకు ప్రసిద్ధి. కాకతీయుల కాలమున తవ్వించిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని పైరులకు నీరిచ్చుచున్నవి. చెరువునకు నీరు చేర్చు కాలువ ఎంత ముఖ్యమో వారెరుగుదురు. నేడు మనము పారవేయు చెంచాలు, గ్లాసులు మురుగుకాలువలకు అడ్డుపడుచున్నవి. 2023 జూలైలో కుండపోత వానలకు వరంగల్లు, హనుమకొండ పట్టణములలోని పల్లపు వాడలు నీట మునిగినవి. అట్టి వేళ కాలువ నిండ చెత్తయున్నచో నీరు ఇండ్లలోనికిగాక ఎటు పోగలదు?

ఈ కీడును గుర్తించి భారత ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. 2022 జూలై 1వ తేదీనుండి ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు, పీల్చుగొట్టములు తయారుచేయుట, అమ్ముట, వాడుట నిషిద్ధము. అయినను అంగళ్లలో ఇవి నేటికిని కానవచ్చుచున్నవి. కొనువాడున్నంతకాలము అమ్మువాడుండును. చట్టము చేయలేని పనిని అలవాటు చేయవలయును.

మార్గములు లేకపోలేదు. సిద్దిపేట జిల్లాలోని గ్రామములలో స్టీలు బ్యాంకులు వెలసినవి. శుభకార్యము గలవారు అచటినుండి స్టీలు పళ్లెములు, గ్లాసులు తీసికొనిపోయి, పని తీరినపిదప తోమి అప్పగింతురు. హైదరాబాదులో నారాయణ పీసపాటిగారు 2010లో బేకీస్ అను సంస్థను స్థాపించి, జొన్న, బియ్యము, గోధుమ పిండ్లతో చెంచాలు చేయించిరి. కూరతోపాటు ఆ చెంచాను కూడ తినవచ్చును!

స్టీలు పాత్రలు తోముటకు నీరు ఖర్చగుననియు, శ్రమయనియు కొందరందురు. అది నిజమే. నీటికి కరవైన చోట ఆకు విస్తరి యున్నది గదా! అయితే ఒక జాగ్రత్త వలయును. ఆకుకు ప్లాస్టిక్కు పొర అతికించిన విస్తళ్లును, లోపల పలుచని ప్లాస్టిక్కు పూత గల కాగితపు కప్పులును బజారులో గలవు. పేరుచూచి మోసపోరాదు.

రెండేండ్లకొకమారు జరుగు మేడారము జాతరకు కోటికి పైగా జనము వచ్చుదురు. ఒక్కొక్కరు ఒక్క గ్లాసు, ఒక్క చెంచా అడవిలో విడిచినచో ఎన్ని కోట్లగునో లెక్కింపుడు. ఒక్కొక్కరు ఇంటినుండి ఒక గ్లాసు, ఒక చెంచా తెచ్చుకొనినచో ఒక్కటియు మిగులదు.

బాలలారా! ఇది పెద్దలకు విడువదగిన పనికాదు. మీ సంచిలో ఒక స్టీలు చెంచా నుంచుకొనుడు. మీ ఇంట శుభకార్యము తలపెట్టినపుడు విస్తళ్లమాట మీరే ముందుగా ఎత్తుడు. నేల మనకు పూర్వులిచ్చిన ఆస్తి. దానిని చెత్తతో నింపి రాబోవువారికి అప్పగించుట న్యాయము కాదు.

ప్రశ్నలు

1. మోదుగాకు విస్తరికిని ప్లాస్టిక్కు పళ్లెమునకును గల భేదములేవి?
2. స్టీలు బ్యాంకు ఎట్లు పనిచేయును?
3. మీ ఊరి విందులలో ఏ పాత్రలు వాడుచున్నారో విచారించి పది వాక్యములలో వ్రాయుడు.