చుక్కలో ఎన్నో వంతు? – విమానం రెక్క మీద మంచు

నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయని చిన్న క్లాసులోనే చదువుకున్నాం. మబ్బులో మాత్రం ఎప్పుడూ అలా జరగదు. పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి కదా, నీళ్ళు గడ్డకట్టడానికీ ఒక తోడు కావాలి. అది తగిన దుమ్ము రేణువో, ఐసు పలుకో కావచ్చు. ఆ తోడు దొరకని సన్నని చుక్కలు మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా నీళ్ళుగానే ఉంటాయి. సుమారు మైనస్ 38 దాటితే ఇక తోడు లేకపోయినా గడ్డకడతాయి. సున్నాకి దిగువన కూడా నీరుగా ఉండే ఈ నీటిని అతిశీతల జలం అంటారు. అలాంటి మబ్బులోకి విమానం వెళితే, రెక్క ముందంచు తగలగానే చుక్క గడ్డకట్టడం మొదలవుతుంది.

అయితే చుక్క మొత్తం ఒక్కసారిగా గడ్డకట్టదు. ఎందుకో లెక్క వేద్దాం. ఒక గ్రాము నీరు గడ్డకడితే 80 కెలోరీల వేడి బయటికొస్తుంది. ఇదే గుప్తోష్ణం. మైనస్ 10 దగ్గరున్న గ్రాము నీటిని సున్నాకి తేవడానికి 10 కెలోరీలు చాలు. అంటే ఎనిమిదో వంతు గడ్డకట్టేసరికే చుక్క సున్నాకి చేరిపోతుంది. మిగతా ఏడు వంతులు గడ్డకట్టాలంటే ఆ వేడిని గాలీ, రెక్కా లాక్కుపోవాలి.

చలి బాగా ఉండి, చుక్కలు చిన్నవైతే వేడి త్వరగా పోతుంది. నీరు పడ్డచోటే గడ్డకట్టి, లోపల గాలి చిక్కుకుని, తెల్లగా గరుకుగా పేరుకుంటుంది. సున్నాకి దగ్గర్లో, చుక్కలు పెద్దవైతే నీరు వెనక్కి పారుతూ గాజులా గడ్డకడుతుంది. పొగమంచుకీ, ఆకు మీది తడికీ, హిమాలయాల మీది తెలుపుకీ మనం మంచు అనే అంటాం. ఇక్కడ మాత్రం తెల్ల మంచు, గాజు మంచు అని విడదీసుకోవాలి. ఏదైనా సరే, రెక్క ఆకారం చెడి విమానాన్ని పైకెత్తే బలం తగ్గుతుంది.

1953లో మెసింజర్ అనే ఇంజనీరు దీనికి ఒక జమాఖర్చు పద్ధతి చూపించాడు. రెక్క ఉపరితలాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కో భాగంలోకి వచ్చే నీరు, పోయే నీరు, వచ్చే వేడి, పోయే వేడి రాసుకోవాలి. అక్కడ ఎన్నో వంతు గడ్డకడుతుందో తేలుతుంది. మిగిలిన నీరు వెనక భాగం ఖాతాలో జమ. నాసా వారి 'లూఐస్' ప్రోగ్రాం కూడా ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ఐసు పేరుకుని ఆకారం మారినప్పుడల్లా గాలి ప్రవాహాన్ని మళ్ళీ లెక్కిస్తుంది.

ఈ లెక్క ఎంత అవసరమో 1994 అక్టోబరు 31న తెలిసింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ 72 విమానం కూలి 68 మంది చనిపోయారు. దాని రెక్క ముందంచున ఐసుని పగలగొట్టే రబ్బరు తొడుగులున్నాయి. కానీ మబ్బులో ఉన్నవి పెద్ద తుంపర చుక్కలు. ఐసు తొడుగుల వెనక గట్టులా పేరుకుంది. రెక్క చివర ఉండే ఐలెరాన్ ఉన్నట్టుండి అదుపు తప్పింది. అప్పటి నిబంధనల్లో అంత పెద్ద చుక్కల లెక్కే లేదు. 2014లో అమెరికా ప్రభుత్వం, కొత్తగా అనుమతి కోరే కొన్ని రకాల విమానాలకి ఆ లెక్కనీ తప్పనిసరి చేసింది. మధ్యలో 20 ఏళ్ళు గడిచాయి.

ఇక మీ వంతు: మైనస్ 20 దగ్గరున్న చుక్క రెక్కకి తగిలితే, వెంటనే గడ్డకట్టేది ఎన్నో వంతు? వెనక్కి పారడానికి ఎంత మిగులుతుంది?