పనికి మెరుగు

ప్రవేశిక

ఒక సంస్థలో పని ఏ క్రమంలో జరుగుతున్నదో పరిశీలించి, అందులోని వృథాను తొలగించి, కాలాన్నీ శ్రమనూ ఆదా చేయడం నేడు ఒక ప్రత్యేక వృత్తి. దీనిని కార్యవిధాన మెరుగుదల అంటారు. ఈ వృత్తికి బాటలు వేసినవారిలో అమెరికాకు చెందిన గిల్‌బ్రెత్ దంపతులు ముఖ్యులు. వారి కృషి ద్వారా ఈ వృత్తి స్వరూపాన్నీ, అందులో రాణించడానికి కావలసిన యోగ్యతలనూ తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ 1868లో మెయిన్ రాష్ట్రంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. ఉన్నత విద్యకు అవకాశమున్నా కాదనుకొని, 1885లో బోస్టన్ నగరంలో తాపీపని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ అతనికి ఒక వింత కనిపించింది. ఇటుక పేర్చడంలో ఏ ఇద్దరు మేస్త్రీల తీరూ ఒకటిగా లేదు. అంతేకాదు, ఒకే మేస్త్రీ నింపాదిగా పనిచేసేటప్పుడు ఒక తీరు, తొందరలో మరొక తీరు, ఇతరులకు నేర్పేటప్పుడు వేరొక తీరు అనుసరించేవాడు. వీటిలో మేలైనది ఏది? ఈ ప్రశ్నే అతని జీవితానికి దిక్సూచి అయింది.

ఆనాడు ఇటుకలు మేస్త్రీ కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉండేవి. ప్రతి ఇటుకకూ అతడు వంగాలి, లేవాలి, మంచి ముఖం కోసం ఇటుకను తిప్పి చూడాలి. చిన్న ఇటుకను ఎత్తడానికి తన దేహభారాన్నంతా రోజూ వందలసార్లు ఎత్తవలసి వచ్చేది. గిల్‌బ్రెత్ గోడతోపాటు పైకి జరిపే పరంజాను రూపొందించి, ఇటుకలు నడుము ఎత్తులో ఉండే ఏర్పాటు చేశాడు. ఇటుకలను ముందుగానే ఏరి, మంచి అంచు పైకి వచ్చేటట్లు అమర్చే పనిని కూలీలకు అప్పగించాడు. సున్నం పాకాన్ని సరిచేయడంతో తాపీతో తట్టే అవసరం తప్పింది. పద్దెనిమిది కదలికలు ఐదుకు తగ్గాయి. ఒక కట్టడంలో గంటకు సుమారు 120 ఇటుకలు పేర్చే చోట 350 ఇటుకలు పేర్చగలిగారు. మేస్త్రీ చేయి వేగం పెరగలేదు. అక్కరలేని కదలికలు పోయాయి.

1904లో అతడు లిలియన్ మోలర్‌ను వివాహమాడాడు. ఆమె మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేసి 1915లో డాక్టరేట్ పొందింది. అతడు పనిని చూస్తే, ఆమె పనిచేసే మనిషిని చూసింది. ఈ దృష్టి ఎంత అవసరమో ఆ కాలపు సంఘటన ఒకటి తెలుపుతుంది. 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో గడియారం పట్టుకొని కార్మికుల పనిని కొలవబోతే వారు సమ్మెకు దిగారు. పనివానిని సంప్రదించకుండా తెచ్చే మార్పు అతనికి పీడనగానే తోస్తుంది. మెరుగుదల ఫలం యజమానికి మాత్రమే దక్కి, అలసట పనివానికి మిగిలితే అది మెరుగుదల కాదు. అందుకే ఆ దంపతులు అలసటను తగ్గించడంపై 1916లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించారు.

1924లో ఫ్రాంక్ ఆకస్మికంగా మరణించాడు. పదకొండుమంది బిడ్డల పోషణభారం లిలియన్‌పై పడింది. స్త్రీ అన్న కారణంతో పలు కర్మాగారాలు ఆమె సలహాలను నిరాకరించాయి. ఆమె అధైర్యపడక, అదే శాస్త్రాన్ని వంటింటికి అన్వయించింది. పొయ్యి, గట్టు, పాత్రల అర ఏ ఎత్తులో, ఎంత దూరంలో ఉండాలో పరిశీలించింది. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని అలంకరించింది.

తరువాతి తరాలు ఈ శాస్త్రాన్ని విస్తరింపజేశాయి. జపానులోని టొయోటా సంస్థలో తైయిచి ఓనో, లోపం కనిపించినప్పుడు 'ఎందుకు?' అని ఐదుసార్లు అడిగి మూలకారణాన్ని చేరే పద్ధతిని నేర్పాడు. 1986లో మోటరోలా సంస్థ సిక్స్ సిగ్మా విధానాన్ని ప్రారంభించింది. మన దేశంలో 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి ఏర్పడింది. నేడు ఆసుపత్రులు, బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ సంస్థలు కూడా ఈ నిపుణులను కోరుతున్నాయి.

ఈ వృత్తిని కోరే విద్యార్థి ఏం చేయాలి? ఒక దరఖాస్తు కార్యాలయంలో ఐదు బల్లలు దాటడానికి పన్నెండు రోజులు పడుతున్నదనుకోండి. దానిపై జరిగే అసలు పని గంటసేపే కావచ్చు. తక్కిన కాలమంతా నిరీక్షణే. గుమస్తాను తొందరపెడితే ఆ గంటలో పది నిమిషాలు తగ్గుతాయి. నిరీక్షణకు కారణం వెదికితే రోజులే తగ్గుతాయి. కనుక మొదట పనిజరిగే చోటికి వెళ్లి కళ్లారా చూడాలి. ప్రతి అంచెనూ వ్రాసుకోవాలి, కొలవాలి. పనిచేసేవారి మాట వినాలి. మార్పును చిన్న మేరలో పరీక్షించి, ఫలితాన్ని మళ్లీ కొలిచిన తరువాతే స్థిరపరచాలి. గణాంకశాస్త్ర పరిజ్ఞానం, స్పష్టమైన భాష, వినయం ఇందుకు సాధనాలు. పట్టా ఉద్యోగాన్ని ఇప్పించవచ్చు; పనివారి విశ్వాసం పొందినవాడే ఆ ఉద్యోగంలో ఎదుగుతాడు.

అర్థాలు

దిక్సూచి = దారి చూపేది
పరంజా = గోడ కట్టేటప్పుడు నిలబడడానికి కట్టే కొయ్యల మంచె
పీడన = బాధించడం
నిరీక్షణ = ఎదురుచూడడం

ప్రశ్నలు

1. గిల్‌బ్రెత్ తాపీపనిలో తెచ్చిన మార్పులను వివరించండి.
2. వాటర్‌టౌన్ సమ్మె తెలిపే నీతి ఏమిటి?
3. మీ కళాశాలలో ఆలస్యంగా జరిగే ఒక పనిని పరిశీలించి, అందులోని అంచెలను వ్రాయండి.