పాత చిరునామాకు వెళ్లే ఆదేశం

మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఒక ఆదివారం రాత్రి, తాను విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న పైథాన్‌ను లాప్‌టాప్ నుంచి తీసేసింది. లినక్స్‌తో పాటు వచ్చిన పైథాన్ ఎలాగూ ఉంది కదా అనుకుంది. కానీ అదే విండోలో మళ్లీ పైథాన్ పేరు టైపు చేస్తే, 'అలాంటి ఫైలు లేదు' అని వచ్చింది. 'విచ్' అనే ఆదేశంతో వెతికితే మాత్రం ఉన్నట్టు చూపించింది.

"ఒకటి ఉందంటోంది, ఇంకొకటి లేదంటోంది. ఫార్మాట్ చేసేస్తాను నాన్నా" అంది. తెల్లారితే ప్రాజెక్టు చూపించాలి. ఆ ఫైళ్లకు వేరే కాపీ లేదు. కాసేపు ఆగమన్నాను.

మనం టైపు చేసే ఆదేశాన్ని అందుకునే ప్రోగ్రామును షెల్ అంటారు. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే షెల్ బాష్. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన ఈ షెల్ 1989లో వచ్చింది. చాలా ఆదేశాలు నిజానికి డిస్కులో ఏదో ఒక ఫోల్డరులో ఉండే ప్రోగ్రాములే. ఏయే ఫోల్డర్లలో, ఏ వరుసలో వెతకాలో చెప్పే జాబితా పేరు 'పాత్'. ప్రతిసారీ ఆ ఫోల్డర్లన్నీ గాలించడం వృథా శ్రమ. అందుకే బాష్ ఒక ఆదేశం మొదటిసారి దొరకగానే దాని పూర్తి చిరునామాను ఒక పట్టికలో రాసుకుంటుంది. రెండోసారి నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఆ పట్టికలోనూ మొదటి నుంచి చివరిదాకా వెతికితే లాభమేముంది? ఇక్కడే హ్యాషింగ్ పనికొస్తుంది. పేరునే ఒక అంకెగా మార్చి, ఆ అంకె గల అరలో చిరునామా పెట్టడమే హ్యాషింగ్. ఉదాహరణకు మన దగ్గర 0 నుంచి 9 దాకా పది అరలున్నాయనుకుందాం. ఫైళ్ల జాబితా చూపే ఆదేశం 'ఎల్ఎస్'. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఎల్ 12వది, ఎస్ 19వది. కలిపితే 31. పదితో భాగిస్తే శేషం 1. కాబట్టి ఒకటో అర. ఫైలును జరిపే 'ఎంవి'కి 13, 22 కలిపితే 35, అంటే అయిదో అర. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే 'పిఎస్'కి 16, 19 కలిపినా 35 వస్తుంది. దాన్నీ అదే అరలో పెట్టి, తీసేటప్పుడు పేరు సరిచూసుకుంటే సరి. అసలు షెల్ వేసే లెక్క ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది కానీ సూత్రం ఇదే.

ఒకటి రెండు ఆదేశాలకు ఈ ఆదా మనకు తెలియదు. ఒకే ఆదేశాన్ని వేలసార్లు నడిపే స్క్రిప్టుల్లో, ఫోల్డర్లు నెట్‌వర్కులో ఎక్కడో ఉన్నప్పుడు తెలుస్తుంది.

చిక్కల్లా చిరునామా మారినప్పుడే. బదిలీ అయ్యాక కూడా ఉత్తరాలు పాత క్వార్టర్స్‌కే వెళ్లడం మన ఇళ్లలో అందరికీ అనుభవమే. మా అమ్మాయి విండోలో జరిగిందీ అదే. బాష్ తీసేసిన పైథాన్ చిరునామాకే వెళ్లి, లేదని తిరిగొచ్చింది. 'విచ్' వేరే ప్రోగ్రాము. దానికి ఈ పట్టికతో సంబంధం లేదు. అది పాత్ అంతా కొత్తగా వెతికి, ఉన్నదాన్ని చూపింది. రెండూ నిజమే చెప్పాయి.

ఇలాంటప్పుడు 'టైప్' అనే ఆదేశం పక్కన ప్రోగ్రాము పేరు ఇస్తే, బాష్ తాను గుర్తుపెట్టుకున్న చిరునామాను చూపిస్తుంది. 'హ్యాష్' అని మాత్రమే కొడితే పట్టికంతా, ఏ ఆదేశం ఎన్నిసార్లు వాడామో సహా కనిపిస్తుంది. 'హ్యాష్' తర్వాత ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న ఆర్ అక్షరం కొడితే పట్టిక ఖాళీ అవుతుంది. ఆర్ బదులు చిన్న డి కొట్టి పేరు ఇస్తే ఆ ఒక్క ఆదేశాన్నే మరిచిపోతుంది. ఈ పట్టిక ఆ విండోకే పరిమితం. కొత్త విండో తెరిచినా సమస్య తీరుతుంది.

అంతకుముందు వచ్చిన సీ షెల్‌ది మరో పద్ధతి. దాన్ని బర్కిలీలో బిల్ జాయ్ రాశాడు. అది ఫోల్డర్లలో ఉన్నవాటినన్నిటినీ ముందే పట్టిక వేసుకునేది. అందుకే కొత్త ప్రోగ్రాము పెట్టాక 'రీహ్యాష్' అని చెప్పాల్సి వచ్చేది.

అమ్మాయి ఆ ఒక్క ఆదేశం కొట్టింది. పైథాన్ తెరుచుకుంది. ఫార్మాట్ మాట మళ్లీ ఎత్తలేదు. పడుకునే ముందు మాత్రం ప్రాజెక్టు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించాను.